విస్తృత వ్యాప్తి, అనిశ్చిత భవితవ్యం: లిన్నేయా జంటపువ్వు పరిరక్షణ స్థాయిపై ఒక అభిప్రాయం

స్వీడన్ నుండి సైబీరియా వరకు, అక్కడి నుండి జపాన్ ఉన్నత పర్వతాల మీదుగా అలాస్కా, కెనడాల వరకు భూగోళపు ఉత్తర భాగాన్ని చుట్టివచ్చే సూదిమొన ఆకుల అడవులలో లిన్నేయా బొరియాలిస్ అనే చిన్న మొక్క నేలను అంటిపెట్టుకొని పాకుతూ ఉంటుంది. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాలలోను, అమెరికాలో రాకీ పర్వతశ్రేణి వెంట దక్షిణాన అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల వరకును ఇది కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో జీవజాతుల స్థితిగతులను అంచనా వేసే నేచర్‌సర్వ్ సంస్థ దీనికి ప్రపంచ స్థాయిలో జి5, అనగా ‘సురక్షితం’ అనే శ్రేణిని ఇచ్చింది. ఇదే మొక్కను బ్రిటన్ తన జీవవైవిధ్య కార్యాచరణ ప్రణాళికలో ప్రాధాన్య జాతిగా చేర్చుకొంది. అమెరికాలోనే, దీని వ్యాప్తికి దక్షిణపు అంచున ఉన్న రాష్ట్రాలలో కొన్ని దీనిని ఆపదలో ఉన్న జాతిగాను, మరికొన్ని తమ సరిహద్దులలో కనుమరుగైన జాతిగాను నమోదు చేశాయి.

ఒకే మొక్కకు ఇన్ని హోదాలు ఉండడం వైరుధ్యంగా తోచవచ్చు. వాస్తవానికి ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు. ప్రతి హోదా ఒక నిర్దిష్ట విస్తీర్ణానికి సంబంధించినది. చిక్కు హోదాలలో లేదు, వాటిని చదివే తీరులో ఉంది. ప్రపంచ స్థాయి ‘సురక్షితం’ అనే మాటను అంతిమ తీర్పుగా స్వీకరించి, ఆ జాతి గురించి ఇక ఆలోచించవలసిన పని లేదని భావించే అలవాటు విద్యార్థులలోనే కాదు, అనుభవజ్ఞులైన శాస్త్రవేత్తలలోను కనిపిస్తుంది. లిన్నేయా ఆ అలవాటును ప్రశ్నించడానికి చక్కని ఉదాహరణ.

ఈ మొక్క చరిత్ర వృక్షశాస్త్ర విద్యార్థులకు కొంత పరిచితమే. ద్వినామ నామకరణ పద్ధతిని స్థిరపరచిన కార్ల్ లిన్నేయస్‌కు ఇది అత్యంత ప్రీతిపాత్రమైన పువ్వు. ఆయన 1732లో లాప్‌లాండ్ ప్రాంతంలో సుదీర్ఘ యాత్ర చేశాడు. ఆ వేషధారణలో చిత్రించిన ఆయన ప్రసిద్ధ చిత్రపటంలో చేతిలో ఉన్నది ఈ మొక్కే. డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు గ్రొనోవియస్ దీనికి ఆయన పేరు పెట్టగా, 1753లో వెలువడిన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథంలో ఆ పేరు స్థిరపడింది. తరువాత కులీన హోదా లభించినపుడు లిన్నేయస్ తన వంశచిహ్నంలోను ఈ పువ్వుకే చోటిచ్చాడు. జానెడు ఎత్తయినా లేని సన్నని కాడ కొనలో రెండుగా చీలి, ఒక్కొక్క చీలికకు ఒక్కొక్క గులాబిరంగు గంట వేలాడుతుంది. ఆంగ్లంలో దీనిని ట్విన్‌ఫ్లవర్ అనడానికి కారణం ఇదే. వేసవిలో పూచే ఈ పూలకు మంద్రమైన సువాసన ఉంటుంది. ఆకులు చిన్నవి, గుండ్రనివి, ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి.

అసలు విషయం ఈ మొక్క సంతానోత్పత్తిలో ఉంది. లిన్నేయా రెండు విధాలుగా వ్యాపిస్తుంది. మొదటిది శాకీయ వ్యాప్తి. నేలపై పాకే సన్నని కాండాలు కణుపుల వద్ద వేళ్లూని, అనేక మీటర్ల మేర చాపలా పరచుకొంటాయి. నడుమ కాండం తెగిపోయినా విడివడిన భాగాలు స్వతంత్రంగా జీవిస్తాయి. రెండవది విత్తనాల ద్వారా జరిగే లైంగికోత్పత్తి. ఇక్కడ ఒక కఠినమైన నియమం అడ్డువస్తుంది. ఈ మొక్కకు ఆత్మవంధ్యత్వం ఉంది. ఒక మొక్క పుప్పొడి అదే మొక్క కీలాగ్రంపై పడితే విత్తనం కట్టదు. పాకుడు కాండాల ద్వారా ఏర్పడిన పిల్లమొక్కలన్నీ జన్యుపరంగా తల్లిమొక్కకు ప్రతిరూపాలే కనుక వాటి మధ్య జరిగే పరాగ సంపర్కమూ నిష్ఫలమే. అనగా ఒక గదంత విస్తీర్ణంలో వందలాది జంటపూలు విరబూసినప్పటికీ, అవన్నీ ఒకే జన్యు వ్యక్తికి చెందినవైతే ఒక్క విత్తనం కూడ దక్కదు.

పరాగ సంపర్కానికి తోడ్పడేవి చిన్న ఈగలు, హోవర్‌ఫ్లైలు. ఇవి దూరప్రయాణికులు కావు. పుప్పొడి సాధారణంగా కొద్ది మీటర్లకు మించి చేరదు. విత్తనం ఏర్పడితే మాత్రం అది కొంత దూరం పోగలదు. కాయను అంటిపెట్టుకొని ఉన్న పుష్పపుచ్ఛాలపై జిగురు రోమాలు ఉండి, జంతువుల బొచ్చుకు, పక్షుల ఈకలకు, మనుషుల దుస్తులకు పట్టుకొంటాయి. ఒక్కొక్క కాయలో ఒకే విత్తనం. ఈ వివరాలన్నీ కలిపి చూస్తే, దగ్గరదగ్గరగా భిన్న జన్యు వ్యక్తులు ఉన్న విశాలమైన అడవిలో ఈ మొక్క హాయిగా మనగలుగుతుంది. అడవి ముక్కలైన చోట మాత్రం దాని సంతానోత్పత్తి యంత్రాంగం ఆగిపోతుంది. విశేషమేమంటే, ఆ ఆగిపోవడం బయటికి కనిపించదు. మొక్క పచ్చగానే ఉంటుంది, ఏటా పూస్తూనే ఉంటుంది.

స్కాట్లాండ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. అక్కడి సహజ పైన్ అడవులు శతాబ్దాల తరబడి కలపకోసం, మేతభూములకోసం నరికివేతకు గురై నేడు అధికారిక జాబితాలో 84 శకలాలుగా మిగిలాయి. వీటిలోను, కొన్ని పాత తోటలలోను లిన్నేయా చిన్న చిన్న గుంపులుగా నిలిచింది. తూర్పు మెట్టభూములలోని కైర్న్‌గార్మ్స్ ప్రాంతం దానికి ముఖ్య స్థావరం. ఈ గుంపులపై జరిగిన పునరుత్పత్తి, జన్యు పరిశోధనలు ఒక స్పష్టమైన చిత్రాన్ని ఇచ్చాయి. అనేక గుంపులలో ఉన్నది ఒకే జన్యు వ్యక్తి. జోడీ కాగల మరొక వ్యక్తి పుప్పొడి చేరే దూరంలో లేదు. అటువంటి చోట్ల కాయలు కట్టడం అత్యల్పం. విత్తనం నుండి పుట్టిన కొత్త మొక్కలు దాదాపు లేవు.

ఇటువంటి జాతిని లెక్కించడం ఎలా? ఈ ప్రశ్నను పద్ధతికి సంబంధించిన చిన్న విషయంగా కొట్టివేయడానికి వీలులేదు. పరిరక్షణ స్థాయి నిర్ణయం అంతా దీనిపైనే ఆధారపడి ఉంటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అనగా ఐయూసీఎన్, తన ఎర్ర జాబితా మార్గదర్శకాలలో ‘పరిణత వ్యక్తుల’ సంఖ్యను లెక్కలోకి తీసుకొంటుంది. పాకుడు మొక్కల విషయంలో ఒక సమూహంలోని ఏ భాగమైనా ఒంటరిగా బ్రతకగలిగితే దానిని ఒక వ్యక్తిగా లెక్కించాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. దీని ప్రకారం ఒకే జన్యు వ్యక్తి పరచిన చాపలో వందల ‘వ్యక్తులు’ లెక్కకు వస్తారు. అయితే అవే మార్గదర్శకాలు మరొక మాట కూడ చెబుతాయి. సాంద్రత మరీ తక్కువై ఫలదీకరణ జరగని చోట, కొత్త సంతానాన్ని ఎన్నడూ ఇవ్వలేని వ్యక్తులను లెక్కలో చేర్చరాదు. మొదటి వాక్యాన్ని పట్టుకొంటే ఒక స్కాటిష్ గుంపులో వందల మొక్కలు. రెండవ వాక్యాన్ని దాని స్ఫూర్తితో అన్వయిస్తే ఆ గుంపు విలువ దాదాపు సున్న.

శాకీయ వ్యాప్తి కూడ సంతానోత్పత్తే కదా, అటువంటప్పుడు సున్న అనడం అన్యాయం కాదా అని ఎవరైనా అడుగవచ్చు. ఈ అభ్యంతరంలో బలం ఉంది. లిన్నేయా సమూహాలు దశాబ్దాల తరబడి జీవించగలవు. ఒక చాప ఒక వైపు ఎండినా మరొక వైపు పెరుగుతుంది. కాని అది పెరిగేది తానున్న చోటుకు ఆనుకొన్న నేలలోకే. పైనున్న చెట్లు నరకబడినా, నిప్పు అంటుకొన్నా, దట్టమైన తోట మొక్కల నీడ కమ్మినా ఆ చాప లేచి మరొక అడవికి పోలేదు. విత్తనం మాత్రమే పోగలదు. చోటు మారలేని, జన్యు వైవిధ్యం లేని సమూహాన్ని బ్రతికి ఉన్న జనాభాగా కాక, మిగిలి ఉన్న జ్ఞాపకంగా చూడడమే న్యాయం. కనుక పై రెండు నియమాలలో ఏది ముందు వర్తించాలన్న సందేహం కలిగినపుడు, ఆత్మవంధ్యత్వం గల పాకుడు మొక్కల విషయంలో రెండవదానికే పెద్దపీట వేయాలి. తలలు లెక్కించి సంతృప్తి చెందడం ఇక్కడ కాకి లెక్కే అవుతుంది.

విస్తీర్ణపు కొలతలోను ఇటువంటి భ్రమకే ఆస్కారం ఉంది. జాతి ఆక్రమించిన వైశాల్యాన్ని ఐయూసీఎన్ పద్ధతిలో 2 కిలోమీటర్ల భుజం గల చదరాల ద్వారా లెక్కిస్తారు. ఒక చదరంలో చాపంత లిన్నేయా ఉన్నా, అడవంతా ఉన్నా పటంలో నిండేది ఒకే 4 చదరపు కిలోమీటర్ల గడి. పోలికకు ఒకే ప్రమాణం ఉండాలి గనుక ఈ పద్ధతి అవసరమే. అయితే గడిలో ఉన్న వంద గుంపులు తొంబై తొమ్మిది నశించి ఒకటే మిగిలినా పటం మారదు. పటం మారిన రోజున చేయదగినదేమీ మిగలదు. ఇల్లు కాలిన తరువాత బావి తవ్వడం వంటిదే ఈ వ్యవహారం.

ప్రాంతీయ స్థాయి అంచనాకు ఐయూసీఎన్ ప్రత్యేక మార్గదర్శకాలను 2003లో వెలువరించి, 2012లో సవరించింది. వాటిలో ఒక మెలకువైన అంశం ఉంది. ప్రాంతం వెలుపలి జనాభా నుండి కొత్త వ్యక్తులు వచ్చి చేరే అవకాశం ఉంటే, ప్రాంతీయ ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించవచ్చు. నార్వేలో లిన్నేయా సమృద్ధిగా ఉంది, స్కాట్లాండ్‌లో తగ్గితే ఏమి అనే వాదన ఇక్కడ తలెత్తుతుంది. జిగురు కాయ ఉత్తర సముద్రాన్ని దాటి, తగిన పైన్ నీడలో దిగి, మొలిచి, జోడీని వెతుక్కొనడం ఎంత సంభావ్యమో చెప్పనవసరం లేదు. నార్వేలోని సమృద్ధి స్కాట్లాండ్‌కు పటంపై మాత్రమే పొరుగు. ప్రాంతీయ హోదాను తగ్గించే ముందు ఇటువంటి రవాణా మార్గం వాస్తవంగా ఉన్నదా అని అడగడం అంచనా వేసేవారి ధర్మం.

విస్తారంగా ఉన్న జాతి ఒక్కసారిగా కూలిపోవడం అరుదేమీ కాదు. అమెరికా తూర్పు అడవులలో చెస్ట్‌నట్ వృక్షం ఒకప్పుడు వందల కోట్లలో ఉండేది. 1904లో న్యూయార్క్‌లో గుర్తించిన ఎండు తెగులు అర్ధశతాబ్దంలో ఆ వృక్షాలను దాదాపు తుడిచిపెట్టింది. నేటికీ పాత మొదళ్ల నుండి పిలకలు వస్తూనే ఉంటాయి. అవి పూతకు, కాతకు రాకముందే చాలావరకు మళ్లీ తెగులుకు బలి అవుతాయి. మొక్క ఉంది, జాతి కొనసాగింపు లేదు. మన దేశంలో తెల్లవీపు రాబందు సంగతి పశువైద్య విస్తరణ సిబ్బందికి తెలిసినదే. 1992, 2007 మధ్య వాటి సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ దానికి కారణమని తేలి, 2006లో ఆ మందు పశువైద్య వినియోగాన్ని నిషేధించే నాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. అంతకుముందు రాబందు విలుప్తమవుతుందంటే నవ్వి ఉండేవారే.

లిన్నేయా కథ ఈ రెండింటికంటె నెమ్మదైనది. అందువల్లనే మరింత మోసకరమైనది. ఆవాసం నశించిన తరువాత కూడ కొన్ని జాతులు చాలాకాలం నిలిచి, ఆలస్యంగా అంతరిస్తాయి. దీనిని జీవావరణ శాస్త్రంలో విలుప్త ఋణం అంటారు. 1994లో టిల్మన్ బృందం ఈ భావనను బలంగా ప్రతిపాదించింది. దీర్ఘాయుష్షు గల పాకుడు మొక్కలలో ఈ ఋణం గడువు మరీ ఎక్కువ. గడువు ఎక్కువ ఉన్నదంటే తీర్చుకొనే అవకాశం కూడ ఉన్నదన్న మాట.

దీనికి ఎదురయ్యే బలమైన వాదన డబ్బుకు సంబంధించినది. పరిరక్షణ నిధులు పరిమితం. ప్రపంచంలో ఒకే కొండపై పెరిగే మొక్కలు ఎన్నో ఉండగా, సైబీరియా అంతటా ఉన్న మొక్కకోసం స్కాట్లాండ్ ఖర్చు చేయడం వ్యర్థమని కొందరి వాదం. ప్రపంచ దృష్టితో ప్రాధాన్యాలు నిర్ణయించేవారికి ఇది సమంజసమే. శేషాచలం కొండలలోని స్థానీయ జాతికి, ఖండాంతర వ్యాప్తి గల జాతికి మధ్య ఒకదానినే ఎంచుకోవలసివస్తే మొదటిదానిని ఎంచుకోవడమే సరి. కాని ఆచరణలో అటువంటి ఎంపిక అరుదుగా ఎదురవుతుంది. స్కాట్లాండ్ అటవీశాఖ వెచ్చించే సొమ్ము ఆదా అయితే అది తిరుమల కొండలకు చేరదు. అదిగాక అంచు జనాభాలు తమ జాతిలో ప్రత్యేకమైన జన్యు వైవిధ్యాన్ని ఇముడ్చుకొని ఉండవచ్చు. వాతావరణం వేడెక్కుతున్న కాలంలో వెచ్చని అంచున ఇంతకాలం నిలిచిన మొక్కల విలువ కేవలం సంఖ్యతో తేలేది కాదు. జాతి వెనుకంజ మొదట కనిపించేదీ అంచులలోనే.

నివారణ మార్గం చూడడానికి సులభం. భిన్న గుంపుల నుండి కొద్దికొద్దిగా కాండపు ముక్కలు సేకరించి, వేళ్లు పట్టించి, పుప్పొడి చేరే దూరంలో పక్కపక్కన నాటితే జోడీ దొరుకుతుంది. కైర్న్‌గార్మ్స్ ప్రాంతంలో ఇటువంటి నాట్లు ఇప్పటికే జరుగుతున్నాయి. పండ్లతోటలో ఆత్మవంధ్యత్వం గల రకానికి పరాగదాత రకాన్ని కలిపి నాటమని రైతుకు చెప్పే సలహాకు దీనికి సూత్రంలో తేడా లేదు. ఉద్యాన శాస్త్రంలో నూరేళ్లుగా పాఠ్యాంశమైన విషయం అటవీ పరిరక్షణలో ఇంత ఆలస్యంగా అమలులోకి రావడం ఆశ్చర్యకరం.

స్థానిక జన్యు స్వచ్ఛత చెడిపోతుందనే ఆక్షేపణ కొందరు వృక్షప్రేమికుల నుండి వస్తుంది. దూరప్రాంతాల మొక్కలను కలిపితే స్థానిక పరిస్థితులకు తగ్గిన అనుకూలనం దెబ్బతినవచ్చుననేది శాస్త్రీయంగా కాదనలేని ప్రమాదమే. అయితే ఒకప్పుడు అఖండంగా ఉన్న అడవిలో కలిసి జీవించి, మనిషి గొడ్డలి వల్ల విడిపోయిన గుంపులను తిరిగి చేర్చడం కల్తీ అనిపించుకోదు. నార్వే మొక్కను తెచ్చి నాటడం వేరు, పక్క లోయలోని మొక్కను తెచ్చి నాటడం వేరు. ఒకే జన్యు వ్యక్తి మిగిలిన గుంపులో స్వచ్ఛతను కాపాడడమంటే వంధ్యత్వాన్ని కాపాడడమే.

నాటడంతో పని ముగియదు. లిన్నేయాకు మితమైన నీడ కావాలి. దట్టంగా నాటిన కలప తోటల చీకటిలో అది క్షీణిస్తుంది. అడవిని మొత్తం నరికితే ఎండకు, పోటీకి తట్టుకోలేదు. మేత ఎక్కువైతే తొక్కుడుకు నలుగుతుంది. మేతను పూర్తిగా ఆపితే హీథర్ వంటి పొదలు ఒత్తుగా ఎదిగి కప్పివేస్తాయి. కంచె వేసి వదిలేయడమే పరిరక్షణ అనుకొనేవారికి ఈ మొక్క మింగుడుపడదు. చెట్లను పలుచన చేసే కాలం, పద్ధతి, పశువుల సంఖ్య ఇవన్నీ స్థలానుసారంగా నిర్ణయించవలసినవి. అడవి యజమానితో, కాపరితో, నరికే గుత్తేదారుతో మాట్లాడగల మనిషి లేకుండా ఇది సాధ్యం కాదు. ఇది విస్తరణ సేవకుని పనే.

ఉత్తరాది మంచు అడవుల పువ్వు తెలుగునాట పెరగదు. దాని చిక్కు మాత్రం ఇక్కడ అపరిచితం కాదు. తిప్పతీగలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కాండపు ముక్కతో సులభంగా పెంచవచ్చు గనుక ఒక గ్రామంలోని కంచెలన్నింటిపై ఒకే తీగ సంతతి పాకి ఉండవచ్చు. మొగలిలోను మగ, ఆడ పొదలు వేరువేరు. సువాసనకు కోరేది మగ పొత్తినే. పిలకలతో పెంచేటపుడు ఎంపిక సహజంగా ఒకవైపే మొగ్గుతుంది. ఈ రెండింటినీ ‘విరివిగా ఉన్నవి’ అని రాసి ముగించడం సులభం. విరివిగా ఉన్నది తీగయా, సంతానమిచ్చే జనాభాయా అన్నది ఆ మాటలో తేలదు.

జీవవైవిధ్య చట్టం, 2002 కింద స్థానిక యాజమాన్య కమిటీలు తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో మొక్క పేరు, దొరికే చోటు, వినియోగం, లభ్యత నమోదవుతున్నాయి. వీటితోపాటు పాకుడు మొక్కలకు, మగ ఆడ వేరుగా ఉన్న మొక్కలకు మరి మూడు వివరాలు రాయించడం కష్టం కాదు. ఆ ఏడు కాయ కట్టిందా? విత్తనం నుండి మొలిచిన పిల్లమొక్క కనిపించిందా? అటువంటిదే మరొక గుంపు ఎంత దూరంలో ఉంది? వీటికి ప్రయోగశాల అక్కర లేదు. కాయల కాలంలో ఒకసారి, వానలు పడ్డాక మరొకసారి చోటును చూసిరాగల విద్యార్థి చాలు. స్కాట్లాండ్‌లో జన్యు పరీక్షలు తరువాత ధృవీకరించిన విషయానికి తొలి సూచన ఇచ్చింది కూడ, పూలు నిండుగా ఉన్న గుంపులలో కాయలు కనిపించకపోవడమే.